నిన్నటి భాగంలో ఏం జరిగింది? : తెలుగు దినసరి ధారావాహిక - మంగళగిరి నేత ఇంటి ప్రేక్షకురాలి విమర్శ

వ్యాససంగ్రహం

తెలుగు టెలివిజన్ దినసరి ధారావాహికల మీద విద్యాసంస్థల్లో వెలువడే విమర్శ ఎక్కువగా కథాసారాంశం మీద ఆధారపడుతుంది. ప్రేక్షకులు మాత్రం ప్రతిరోజూ ఒక్కొక్క భాగాన్ని విడిగా విమర్శిస్తారు. 'నిన్న ఏమీ జరగలేదు', 'అనవసరంగా సాగదీస్తున్నారు', 'సరైన చోట ఆపేశారు' వంటి మాటలు వారి తీర్పులు. ఇంట్లోనే వృత్తిపని సాగే మంగళగిరి నేత కుటుంబాన్ని నేపథ్యంగా తీసుకొని, ఈ తీర్పులకూ ఆలంకారికులు చెప్పిన రసదోషాలకూ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధారావాహికలోని పునరుక్తిని సమాచార పునరుక్తి, అవమాన పునరుక్తి అని రెండుగా విభజించి, మొదటిది ఆ రూపానికి గుణమనీ, రెండవది దోషమనీ ప్రతిపాదిస్తుంది. 'కార్తీకదీపం', 'గుండె నిండా గుడిగంటలు', 'అమృతం' ఇందుకు ప్రధాన ఉదాహరణలు.

కీలకపదాలు: దినసరి ధారావాహిక, పునరుక్తి, రసదోషం, అకాండచ్ఛేదం, మంగళగిరి చేనేత, శ్రవణం, కార్తీకదీపం

1. ఉపోద్ఘాతం

విజయవాడ, గుంటూరు నగరాల మధ్య ఉన్న మంగళగిరి నరసింహస్వామి క్షేత్రంగానూ, చేనేత కేంద్రంగానూ ప్రసిద్ధం. నూలు బట్టకు నిజాం అంచు ఇక్కడి నేతకు గుర్తింపు. గుంట మగ్గం మీద సాగే ఈ వృత్తిలో ఇల్లు, పనిచోటు తరచుగా ఒకటే. మగ్గం ఉన్న గదికీ వంటగదికీ మధ్య నాలుగు అడుగుల దూరమే ఉండవచ్చు. ఒకరు మగ్గంలో కూర్చుంటే మరొకరు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతారు. కండె చుట్టే పని చాలావరకు స్త్రీలదీ, వృద్ధులదీ. ఆ ఇంట్లో టెలివిజన్ ఉన్నదంటే అది కూడా పనిచోటులోనే ఉన్నట్లు.

ఇటువంటి ఇంట్లో ధారావాహికను ఎలా చూస్తారన్నది కేవలం సామాజిక శాస్త్ర సంబంధమైన ప్రశ్న కాదు. అది సాహిత్య రూపానికి సంబంధించిన ప్రశ్న కూడా. రచనను నిర్మించేటప్పుడు అది ఎవరికి, ఏ స్థితిలో చేరుతుందన్న ఊహ ఆ నిర్మాణంలోనే ఇమిడి ఉంటుంది. ఈ వ్యాసం క్షేత్ర సర్వే కాదు. ఇక్కడ చెప్పే 'ప్రేక్షకురాలు' ఒక వ్యక్తి కాదు. చేతులు పనిలో ఉండగా కథను అందుకునే ఉద్దిష్ట ప్రేక్షకురాలు. ఆమె దృష్టితో చూసినప్పుడు దినసరి ధారావాహికలో ఏది గుణం, ఏది దోషం అన్నదే ఈ వ్యాసంలోని చర్చ.

ధారావాహికలు స్త్రీలను కించపరుస్తాయని, మూఢనమ్మకాలను పెంచుతాయని, కాలహరణమని చెప్పే విమర్శ కొత్తది కాదు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ విమర్శ అయిదేళ్ల కథను అయిదు వాక్యాలకు కుదించి తీర్పు చెబుతుంది. ప్రేక్షకురాలు ఎప్పుడూ అయిదేళ్ల కథను ఒకేసారి చూడదు. ఆమె చూసేది ఈ రోజు భాగం. మరునాడు నీళ్ల దగ్గరో, నూలు తెచ్చుకునే చోటో ఆమె మాట్లాడేది నిన్నటి భాగం గురించి. ఆ మాటల్లో విమర్శ ఉంది. దానికి పరిభాష మాత్రమే లేదు.

2. వారపు కథ నుంచి దినసరి కథకు

తెలుగు పాఠకులకు 'సశేషం' కొత్త కాదు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వంటి వారపత్రికలు దశాబ్దాల పాటు నవలలను ధారావాహికంగా ప్రచురించాయి. యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రులకు విస్తృతమైన పాఠకవర్గం ఏర్పడటంలో పత్రికల పాత్ర పెద్దది. వారానికొక ప్రకరణం వచ్చే ఆ పద్ధతిలో రచయితకు ఆరు రోజుల వ్యవధి ఉండేది. పాఠకురాలికీ ఆరు రోజుల ఊహ ఉండేది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రసారాలు ప్రారంభించింది. 1995లో ఈటీవీ, జెమినీ టీవీ వంటి ప్రైవేటు ఛానళ్లు వచ్చాక తెలుగు కథాప్రసారం విస్తరించింది. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమినీ టీవీలో వచ్చిన గుణ్ణం గంగరాజు 'అమృతం' వారపు ధారావాహిక. 313 భాగాలుగా సాగింది. ఏ భాగానికి ఆ భాగం ముగిసే కథ. అమృతరావు, ఆంజనేయులు ఒక ఉపాయం పన్నుతారు, అది వికటిస్తుంది, వారు మొదటి స్థితికి వస్తారు. మరుసటి ఆదివారం మళ్లీ కొత్త ఉపాయం. పాత్రలు మారవు, సంఘటన మారుతుంది.

మంజులా నాయుడు దర్శకత్వంలో వచ్చిన 'చక్రవాకం', 'మొగలిరేకులు' దినసరి కథకు తెలుగులో పెద్ద ప్రేక్షకవర్గాన్ని సంపాదించాయి. రెండూ వెయ్యి భాగాలు దాటాయి. ఇక్కడ 'అమృతం' పద్ధతి తలకిందులైంది. సంఘటన ముగియదు. ఒక సంఘటన ఫలితం అనేక భాగాల మీదుగా ఒక్కొక్క పాత్రకూ తెలుస్తూ పోతుంది. కథ కన్నా కథ తెలియడం ముఖ్యమవుతుంది. 'ఏం జరిగింది' అన్న ప్రశ్న స్థానంలో 'ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది' అన్న ప్రశ్న వచ్చింది. ప్రేక్షకులు 'ఏమీ జరగలేదు' అని చెప్పే తీర్పుకు మూలం ఈ మార్పులోనే ఉంది.

3. వినబడే దృశ్యం

కండె చుట్టే మనిషి చూపు దారం మీద ఉంటుంది. దారం తెగితే చూసి ముడి వేయాలి. ఆమెకు చెవి ఖాళీగా ఉంటుంది, కన్ను ఉండదు. మధ్యాహ్నపు ధారావాహికలు, రాత్రి భాగాల పునఃప్రసారాలు వచ్చే సమయం నేతపని సమయమే. రాత్రి ఏడున్నర ప్రాంతం వంటపని సమయం. కనుక ఈ ప్రేక్షకురాలు ప్రధానంగా శ్రోత. తెర వైపు తల ఎత్తడం అప్పుడప్పుడు జరిగే పని.

దినసరి ధారావాహిక నిర్మాణాన్ని ఈ కోణంలో చూస్తే, సినిమా ప్రమాణాలతో లోపాలుగా కనబడేవి చాలావరకు అవసరాలుగా తేలుతాయి. పాత్రలు ఒకరినొకరు పదే పదే పేరు పెట్టి పిలుచుకుంటాయి. మనసులోని ఆలోచన స్వగతంగా వినబడుతుంది. నిన్న జరిగినదాన్ని ఈ రోజు ఒక పాత్ర మరొక పాత్రకు చెబుతుంది. ముఖ్యమైన క్షణంలో నేపథ్య సంగీతం ఒక్కసారిగా పెరుగుతుంది. మగ్గం చప్పుడు మధ్య కూడా వినబడే ఆ సంగీతం తల ఎత్తి చూడమని పిలిచే పిలుపు. అప్పుడు ఒక్కొక్క ముఖాన్నీ మూడేసి సార్లు చూపడం, తల ఎత్తడానికి ఆమెకు ఇచ్చే వ్యవధి.

ధారావాహికకు ఈ లక్షణం పుట్టుకతోనే వచ్చింది. అమెరికాలో 1930లలో సబ్బుల కంపెనీల ప్రాయోజకత్వంతో వచ్చిన రేడియో కథలే 'సోప్ ఒపెరా' అన్న పేరుకు మూలం. 1937లో రేడియోలో మొదలైన 'గైడింగ్ లైట్' 1952లో టెలివిజన్‌కు మారింది. అంటే టెలివిజన్ ధారావాహికకు తల్లి రేడియో. టానియా మాడ్‌లెస్కీ 1982లో వెలువరించిన 'లవింగ్ విత్ ఎ వెంజెన్స్' గ్రంథంలో పగటి ధారావాహికల లయకూ, మధ్య మధ్య అంతరాయం కలిగే గృహిణి పనికీ పొందిక ఉన్నదని వాదించింది. మంగళగిరి సందర్భంలో ఈ వాదాన్ని కొంత సవరించవలసి ఉంటుంది. కండెలు చుట్టడం ఇంటి ఆదాయంలో భాగమైన వృత్తిపని. దానికి సాయంత్రానికి లెక్క ఉంటుంది. ఇంటి పని కథకు అంతరాయం కలిగిస్తుంది. వృత్తిపని కథతో సమాంతరంగా సాగుతుంది.

తెలుగు ప్రాంతంలో ఈ శ్రవణ సంస్కారానికి ముందు చరిత్ర ఉంది. కృష్ణానది ఆవలి ఒడ్డున విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో ప్రారంభమైంది. దాని నాటకాలను ఈ ప్రాంతం పనిచేస్తూనే విన్నది. అంతకన్నా ముందు బుర్రకథ ఉంది. ఆ కళకు ఆధునిక కాలంలో కొత్త జీవం పోసిన షేక్ నాజర్‌ది గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. కథకుడు చెప్పినదాన్ని అందుకోవడం, ప్రశ్నించడం, శ్రోత మరచిపోయినదాన్ని గుర్తుచేయడం వారి పని. ధారావాహికలో ఇంటి పనిమనిషి, పక్కింటి స్నేహితురాలు, నాయిక చెల్లెలు వంటి పాత్రలు తరచుగా నిర్వహించేది ఈ వంత పాత్రనే. వారు కథను నడపరు, కథను తిరిగి వినిపిస్తారు.

గొంతు ప్రాధాన్యానికి మరొక నిదర్శనం డబ్బింగ్. 'కార్తీకదీపం' నాయిక దీప పాత్రధారిణి ప్రేమి విశ్వనాథ్ కేరళకు చెందిన నటి. తెర మీద వినిపించే తెలుగు డబ్బింగ్ కళాకారిణిది. నేటి తెలుగు ధారావాహికల్లో అనేకమంది నాయికలు కన్నడ, మలయాళ, తమిళ ప్రాంతాలవారు. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. చూసే ప్రేక్షకురాలికి దీప అంటే ముఖం. వినే ప్రేక్షకురాలికి దీప అంటే ఆ గొంతే. పత్రికల్లో ముఖానికి వచ్చిన ప్రచారం ఆ గొంతుకు రాలేదు. ధారావాహికల మీద పరిశోధన చేసేవారు పాత్రోచిత భాషను చర్చించేటప్పుడు ఈ విభజనను గమనించడం అవసరం.

4. రసదోషాలు - ప్రేక్షకురాలి తీర్పులు

మమ్మటుడు 'కావ్యప్రకాశం' సప్తమోల్లాసంలో రసదోషాలను పరిగణించాడు. ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' తృతీయోద్ద్యోతంలో రసవిరోధులుగా చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఈ జాబితాలోనూ ఉన్నాయి. వాటిలో మూడు ప్రస్తుత చర్చకు ప్రధానం. పరిపోషం పొందిన రసాన్ని మళ్లీ మళ్లీ ఉద్దీపింపజేయడం పునఃపునర్దీప్తి. సమయం కాని సమయంలో విస్తరించడం అకాండప్రథనం. సమయం కాని సమయంలో తెంచివేయడం అకాండచ్ఛేదం. పునఃపునర్దీప్తికి మమ్మటుడు చూపిన ఉదాహరణ సామాన్య కవిది కాదు. కాళిదాసు 'కుమారసంభవం'లోని రతీవిలాపం. అకాండచ్ఛేదానికి చూపినది భవభూతి 'మహావీరచరితం'లో రామ భార్గవుల సంఘర్షణ పతాకస్థాయిలో ఉండగా రాముడు కంకణం విప్పే వేడుకకు వెళ్తాననే ఘట్టం.

ప్రేక్షకుల మాటలను వీటి పక్కన పెడితే పొంతన స్పష్టమవుతుంది. 'ఎంతసేపు ఏడిపిస్తారు' అన్నది పునఃపునర్దీప్తి. 'అసలు కథ వదిలేసి పండగ పాటలు పెట్టారు' అన్నది అకాండప్రథనం. 'సరిగ్గా చెప్పబోయేసరికి ఆపేశారు' అన్నది అకాండచ్ఛేదం. శాస్త్రం చదవని ప్రేక్షకురాలు శాస్త్రం గుర్తించిన దోషాలనే గుర్తిస్తోంది. సహృదయత్వం పాండిత్యంతో మాత్రమే వచ్చేది కాదనడానికి ఇదొక సాక్ష్యం.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. దినసరి ధారావాహికలో ప్రతి భాగమూ అకాండచ్ఛేదంతోనే ముగుస్తుంది. నాటకానికి దోషమైనది ఇక్కడ నియమం. అలాగైతే ఈ రూపమంతా దోషమేనా? ఆలంకారికుల నిత్యానిత్య దోష విచారణ దీనికి దారి చూపుతుంది. శ్రుతిదుష్టం శృంగారంలో దోషం, రౌద్రంలో కాదు. అదే విధంగా మరునాటి భాగం ఆ తెంపిన చోటును గౌరవించి అందుకుంటే ఛేదం దోషం కాదు. అది రేపటికి ఇచ్చిన మాట. తలుపు తెరిచి నిలబడిన పాత్రను చూపి నేటి భాగం ఆగి, రేపు ఆ పాత్ర ఏమీ వినలేదని తేల్చితే మాట తప్పినట్లు. ప్రేక్షకుల కోపం ఆపినందుకు కాదు, ఆపి మోసం చేసినందుకు.

పునరుక్తి విషయంలోనూ ఇదే విచక్షణ అవసరం. దానిని రెండుగా విభజించవచ్చు. మొదటిది సమాచార పునరుక్తి. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఏ రహస్యం తెలుసు, నిన్న కథ ఎక్కడ ఆగింది అన్నవాటిని మళ్లీ వినిపించడం. పనిలో ఉండి వినే ప్రేక్షకురాలికి, రెండు రోజులు చూడలేకపోయిన ప్రేక్షకురాలికి ఇది ఉపకారం. రెండవది అవమాన పునరుక్తి. నాయికను ఒకే కారణంతో, ఒకే మాటలతో, ఒకే మనుషులు వారాల తరబడి నిందించడం. ఇందులో కొత్త సమాచారం లేదు. కరుణ మొదటి రోజే పరిపోషం పొందింది. తరువాత మిగిలేది దాన్ని పదే పదే రగిలించడం మాత్రమే. మొదటి పునరుక్తి ప్రేక్షకురాలి అవసరం కోసం ఉంది. రెండవది ప్రసార సమయాన్ని నింపడం కోసం ఉంది. ధారావాహిక నాణ్యతను నిర్ణయించేది ఈ రెండింటి నిష్పత్తి.

5. ఆలస్యం అనే కథావస్తువు

కాపుగంటి రాజేంద్ర దర్శకత్వంలో 'కార్తీకదీపం' 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు స్టార్ మాలో 1,569 భాగాలుగా ప్రసారమైంది. మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు' దీనికి మాతృక. నల్లని మేనిరంగు గల దీప, ఆమెను ప్రేమించి పెళ్లాడిన వైద్యుడు కార్తీక్, అతని కోసం పన్నాగాలు పన్నే మోనిత ప్రధాన పాత్రలు. తనకు సంతానయోగ్యత లేదన్న అబద్ధాన్ని నమ్మిన కార్తీక్ గర్భవతి అయిన భార్యను అనుమానిస్తాడు. కవలలైన శౌర్య, హిమలలో ఒకరు తల్లి దగ్గర, మరొకరు తండ్రి దగ్గర పెరుగుతారు.

ఈ కథ మీద ప్రేక్షకులు వేసిన ప్రసిద్ధమైన ప్రశ్న ఒకటుంది. డాక్టర్ బాబు డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించుకోడు? హాస్యంగా ప్రచారమైన ఈ ప్రశ్న నిజానికి గట్టి విమర్శ. నాయకుడు వైద్యుడు కాకపోతే ఆ ప్రశ్నకు అంత బలం ఉండేది కాదు. వైద్యుడే వైద్యాన్ని మరచిపోవడం పాత్రౌచిత్య భంగం. ఆలంకారిక పరిభాషలో ప్రకృతి విపర్యయానికి దగ్గరగా వచ్చే దోషం. కథ ముందుకు సాగకుండా ఉండటానికి పాత్ర తన స్వభావాన్ని వదులుకోవలసి వచ్చింది. అడ్డంకి పాత్ర స్వభావం నుంచి పుడితే ఆలస్యం కథ అవుతుంది. అడ్డంకి కోసం స్వభావాన్నే మార్చితే ఆలస్యం సాగదీత అవుతుంది. కార్తీక్ పరీక్షకు భయపడుతున్నాడని, నిజం తేలితే తన అపరాధాన్ని మోయలేడని కథ బలంగా స్థాపించి ఉంటే అదే ఆలస్యం విషాదమయ్యేది.

2023 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన 'గుండె నిండా గుడిగంటలు' తమిళ 'సిఱగడిక్క ఆసై'కి తెలుగు రూపం. కారు నడుపుకునే బాలు, పూలు అమ్ముకునే కుటుంబం నుంచి వచ్చిన మీనా ఇందులో నాయికానాయకులు. బాలు తల్లి ప్రభావతి పేదింటి కోడలు మీనాను చిన్నచూపు చూస్తుంది. సంపన్నురాలని నమ్మిన మరో కోడలు రోహిణిని నెత్తిన పెట్టుకుంటుంది. రోహిణి సంపద అబద్ధం. ఆమెకు గతంలో వివాహమైంది, కొడుకు ఉన్నాడు. ప్రేక్షకులకు ఇదంతా తెలుసు, ఇంట్లోవారికి తెలియదు.

ఈ రహస్యం కూడా సుదీర్ఘంగా సాగింది. అయినా ఇక్కడి ఆలస్యానికీ 'కార్తీకదీపం' ఆలస్యానికీ తేడా ఉంది. రోహిణి తన రహస్యాన్ని కాపాడుకోవడానికి పని చేస్తుంది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి మరొకటి, దానికి మరొకటి. ఆ ప్రయత్నంలో ఆమె భయం, తెలివి, తల్లిగా ఆమె బాధ బయటపడతాయి. రహస్యం బయటపడబోయి ఆగిన భాగాల్లో కూడా ఆమె గురించి కొత్తగా ఏదో ఒకటి తెలిసే అవకాశం ఉంది. ఆలస్యం ఇక్కడ పాత్ర చేసే పని. ఆ అవకాశాన్ని వాడుకున్న భాగాలు నిలబడతాయి. కేవలం ఫోను మోగడంతోనో, ఎవరో అడ్డు రావడంతోనో రహస్యం దక్కిన భాగాల తరువాత 'ఏమీ జరగలేదు' అన్న మాట న్యాయంగానే వినబడుతుంది. ఒకే ధారావాహికలో రెండు రకాల భాగాలూ ఉంటాయి. కనుకనే విమర్శ మొత్తం కథ మీద కాక భాగాల మీద జరగాలి.

6. నాయిక వృత్తి - పని కనబడే కథ, కనబడని కథ

దీప అన్న పేరు కన్నా 'వంటలక్క' అన్న పేరే జనం నోట నిలిచింది. భర్త ఇంటిని వదిలిన స్త్రీ వంట చేసి కూతురిని పోషించడం ఆ పేరుకు కారణం. వృత్తి పేరే గౌరవ నామమైన అరుదైన నాయిక ఆమె. అయితే ఆ పేరు ప్రచారమైన మేరకు ఆ పని కథలో విస్తరించలేదు. వంట ఆమె ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిచింది గాని, సరుకుల ఖర్చు, పొయ్యి ముందు గడిచే గంటలు, రావలసిన బాకీలు కథను మలుపు తిప్పే శక్తులు కాలేదు. కథను మలుపు తిప్పినవి అనుమానం, పన్నాగం, ప్రమాదం.

ఇక్కడే నేత ఇంటి ప్రేక్షకురాలి స్థితి విమర్శకు ఉపయోగపడుతుంది. ఆమె చేతులు ఆగవు. తెర మీది నాయిక చేతులు మాత్రం నింద వింటున్నంతసేపూ ఆగిపోయి ఉంటాయి. గరిటె పట్టుకుని నిలబడి, లేదా పూజాపళ్లెం పట్టుకుని నిలబడి, ఆమె వింటూ ఉంటుంది. పనిచేస్తూ వినే స్త్రీ కోసం తయారైన కథలో పని ఆపి వినే స్త్రీ నాయిక కావడం ఈ రూపంలోని పెద్ద వైరుధ్యం. అవమాన పునరుక్తికి నాయిక నిశ్చలత అవసరం. ఆమె పనిలో ఉంటే అంతసేపు నిలబడి వినదు.

ఈ కొలతతో చూస్తే 'గుండె నిండా గుడిగంటలు'లో మీనా పూలపనికి మెరుగైన స్థానం ఉంది. పూలు కట్టడం ఆమె పుట్టింటి బతుకుతెరువు. అత్త చిన్నచూపుకు అదే కారణం, మీనా సొంత ఆదాయానికీ అదే ఆధారం. ఒకే పని అవమానానికీ ఆత్మగౌరవానికీ మూలమైనప్పుడు సన్నివేశానికి సహజమైన ఘర్షణ వస్తుంది. 'అమృతం'లోనూ పని కనబడుతుంది. అమృత విలాస్ హోటల్ లేకపోతే ఆ కథలు లేవు. బేరం తగ్గడం, అద్దె కోసం యజమాని అప్పాజీ రావడం, సర్వర్ సర్వం తీరు, వీటి నుంచే హాస్యం పుట్టింది. అమృతం భాగం చూసినవారికి 'ఏం జరిగింది' అన్న ప్రశ్నకు సమాధానం సులభంగా దొరకడానికి ఇదొక కారణం. పని ఉన్నచోట సమస్య ఉంటుంది, సమస్య ఉన్నచోట సంఘటన ఉంటుంది.

వారపు హాస్యకథను దినసరి కరుణకథతో పోల్చడం అన్యాయమన్న ఆక్షేపణ రావచ్చు. రెండింటి ప్రయోజనాలు వేరన్నది నిజమే. కాని పోలిక రసం గురించి కాదు, సంఘటనకు మూలం గురించి. కరుణకథలో కూడా పని సంఘటనకు మూలం కావచ్చు. వంటకు ఒప్పుకున్న పెళ్లి రద్దయితే వంటలక్క ఇంట్లో ఆ రాత్రి ఏమవుతుందన్నది మోనిత పన్నాగానికి తీసిపోని కథావస్తువు.

7. మరణం, పునరాగమనం, లెక్కింపు

2022లో 'కార్తీకదీపం' ఒక సాహసం చేసింది. ప్రమాదంలో దీప, కార్తీక్ మరణించారన్న విషాదంతో కథ తరువాతి తరానికి మారింది. పెరిగి పెద్దవారైన శౌర్య, హిమ ప్రధాన పాత్రలయ్యారు. కొన్ని నెలలకే దీప, కార్తీక్‌లను కథలోకి తిరిగి తెచ్చారు. అక్కడితోనూ ఆగలేదు. ప్రధాన నటీనటులతోనే, వేరొక కథతో, 'కార్తీకదీపం: ఇది నవవసంతం' 2024 మార్చిలో మొదలైంది.

ఆలంకారికులు కరుణకూ విప్రలంభానికీ మధ్య గీత గీశారు. పునస్సమాగమానికి ఆశ లేనిది కరుణ, ఆశ ఉన్నది విప్రలంభం. మరణం తరువాత కూడా ఆశ మిగిలితే కరుణవిప్రలంభం. 'కాదంబరి'లో పుండరీకుడు మరణించినప్పుడు మహాశ్వేతకు మళ్లీ కలుస్తావన్న దివ్యవాణి వినిపిస్తుంది. బాణభట్టు పాఠకుడికి ఆ ఆశను ముందే ఇచ్చాడు. ధారావాహికలో ప్రేక్షకులు మరణంగానే స్వీకరించి దుఃఖించిన ఘట్టం తరువాత విరహంగా మారింది. తిరిగి వచ్చినందుకు సంతోషించినవారే 'ఇక ఎవరు చచ్చిపోయినా నమ్మం' అనుకునే స్థితి ఏర్పడుతుంది. నాయిక తిరిగి వచ్చింది, కరుణ మాత్రం తిరిగి రాదు.

ఇక్కడ ప్రేక్షకుల మాటకు కథను మార్చే శక్తి ఎంత అన్న ప్రశ్న వస్తుంది. 1984-85లో దూరదర్శన్ ప్రసారం చేసిన హిందీ ధారావాహిక 'హమ్ లోగ్'కు ప్రేక్షకులు లక్షల సంఖ్యలో ఉత్తరాలు రాశారు. ఉత్తరంలో ఇష్టానికీ అయిష్టానికీ కారణం ఉంటుంది. నేటి లెక్కింపు పద్ధతి వేరు. బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు అమర్చి, ప్రసార ధ్వనిలో చెవికి వినబడకుండా పొందుపరిచిన సంకేతాల ద్వారా ఏ ఛానల్ నడుస్తోందో నమోదు చేస్తుంది. అంటే ఆ మీటరు కూడా వింటుంది. కాని అది వినేది ధారావాహికను, ప్రేక్షకురాలిని కాదు. టెలివిజన్ ఎదుట ఎవరున్నారన్నది దానికి తెలుస్తుంది. కండె చుడుతూ ఆమె 'మళ్లీ అదే గోల' అని విసుక్కున్నది దానికి తెలియదు. విసుక్కుంటూ విన్న భాగమూ, కన్నీళ్లతో విన్న భాగమూ అంకెలో ఒకటే.

అవమాన పునరుక్తి కొనసాగడానికి ఈ లెక్కింపు ఒక కారణమని భావించవచ్చు. సాగదీసిన వారంలో కూడా అంకె పడిపోకపోతే, సాగదీత నచ్చినట్లు లెక్క. నిజానికి ఆమె ఛానల్ మార్చకపోవడానికి చేతులు ఖాళీగా లేకపోవడం కూడా కారణం కావచ్చు. అంకెలు చెప్పని ఈ భాగాన్ని నమోదు చేయవలసినది విమర్శ. ఇటీవల ధారావాహికలు ఓటీటీ వేదికల్లో టెలివిజన్ ప్రసారానికి ముందే చందాదారులకు అందుతున్నాయి. ఫోనులో చూసేవారు నచ్చని చోటును దాటవేయగలరు. వారు దాటవేసేది నిన్నటి కథను గుర్తుచేసే సన్నివేశాలనా, నిందల సన్నివేశాలనా అన్నది ఈ వ్యాసం చేసిన విభజనకు మంచి పరీక్ష. ఆ దిశలో క్షేత్ర పరిశోధనకు అవకాశం ఉంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు.

• దినసరి ధారావాహిక రూపం చూపు కన్నా వినికిడి మీద ఎక్కువగా ఆధారపడింది. స్వగతం, పేరు పెట్టి పిలుపు, నిన్నటి కథను తిరిగి చెప్పడం పనిలో ఉన్న శ్రోతకు అనువైన నిర్మాణ లక్షణాలు. వీటిని సినిమా ప్రమాణాలతో దోషాలుగా పరిగణించడం సరికాదు.

• పునరుక్తిలో సమాచార పునరుక్తి గుణం. అవమాన పునరుక్తి పునఃపునర్దీప్తి అనే రసదోషం. ఆ దోషం శాస్త్రం చేత ఎంత స్పష్టంగా గుర్తింపబడిందో, ప్రేక్షకుల చేతా అంత స్పష్టంగా గుర్తింపబడుతోంది.

• భాగాంతంలోని ఛేదం దానంతట అది దోషం కాదు. మరునాటి భాగం దానిని నెరవేర్చకపోవడం దోషం.

• నాయిక వృత్తి పేరుకే పరిమితమైతే కథ పన్నాగాల మీద ఆధారపడుతుంది. వృత్తి సంఘటనలకు మూలమైతే భాగానికి వస్తుబలం చేకూరుతుంది.

• విమర్శకు ప్రమాణం మొత్తం కథాసారాంశం కాదు, భాగం. ఒకే ధారావాహికలోని మంచి భాగాన్నీ, చెడ్డ భాగాన్నీ వేరుచేసి చూపడం విమర్శకుడి బాధ్యత.

సాయంత్రానికి ఎంత బట్ట నేసిందీ మూరలు వేసి చూపగలిగే ఇంట్లో, ఈ రోజు కథ ఎంత సాగిందని అడగడం సహజం. ఆ ప్రశ్న వినోదానికి ఇచ్చే మార్కు కాదు. రోజుకు అరగంట తన చెవిని ఇచ్చిన మనిషి తిరిగి అడిగే లెక్క. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పురాణ శ్రవణాన్ని, బుర్రకథను, రేడియో నాటకాన్ని అధ్యయనం చేసిన శ్రద్ధతో ఈ లెక్కను కూడా నమోదు చేయవలసి ఉంది. లేకపోతే కోట్లాదిమంది విన్న తెలుగు కథల మీద మిగిలే ఏకైక ఆధారం వారం వారం వచ్చే అంకె మాత్రమే అవుతుంది.